కాగితం పరచని జానెడు నేల

“కింద నిప్పు, పైన పిల్ల. మధ్యలో ఉన్నదల్లా నాలుగు బండలు, కాస్త మట్టి. ఆ మట్టి ఎక్కడో ఒకచోట బీటలిస్తే మనకి తెలిసేదెలా?”

తక్ జేవన్ ఈ మాట అనడం ఆ వారంలో అది అయిదోసారి. భార్య సెబొమ్ నేల మీద కూర్చుని పాప బట్టలు మడతపెడుతోంది. ఎనిమిది నెలల నారే మడతపెట్టిన వాటిని ఒక్కొక్కటే లాగి విప్పుతోంది.

“మీ అమ్మ నిన్ను అలాంటి నేల మీదే కన్నది కదా, నారే నాన్నా. బతికే ఉన్నావుగా,” అంది సెబొమ్ తలెత్తకుండా.

బతికినవాళ్ళని లెక్కపెట్టి ఏం తేలుస్తాం, బతకనివాళ్ళు లెక్కకి రారు కదా అన్నాడు జేవన్. అలా అన్నాక పాపని ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

కొరియా కొండల్లో, జొంగ్‌సన్ ఊళ్ళోని బడిలో అతను సైన్సు మాస్టారు. ఊరికి ఎగువన, వాగు పక్కన చిన్న స్థలం కొని ఇల్లు మొదలుపెట్టారు. ఇంటికి వేడి నేల ఉండాలా వద్దా అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ పుట్టదు. మంచాలు కొన్నవాళ్ళు కూడా నేల మీదే పడుకుంటారు, సోఫా కొన్నవాళ్ళు కింద కూర్చుని దానికి వీపు ఆనించుకుంటారు. ఇంటినిండా వేడినీళ్ళ గొట్టాలు పరిచి బాయిలర్ బిగిస్తే పని అయిపోతుంది. చిక్కల్లా ఒక్క గది దగ్గర వచ్చింది. ఆ మూల గదికి గొట్టాలు వద్దని, పాతకాలపు పద్ధతిలో బయట పొయ్యి, కింద పొగ దారులు, పైన బండలు పరిచిన నేల కావాలని సెబొమ్ పట్టుబట్టింది.

పాప పుట్టినప్పటినుంచి ఆమెకి నడుము పట్టేసి ఉంది. ఎముకల్లోకి గాలి దూరిందని వాళ్ళమ్మ అంది. జేవన్ దానికోసం పరిశోధన పత్రాలు వెతికాడు. ఎముకల్లో గాలి గురించి ఎక్కడా లేదు. కానీ ఫిబ్రవరిలో సెబొమ్ పిన్నిగారింట్లో కట్టెల పొయ్యి నేల మీద మూడు రోజులు పడుకుని వచ్చాక, ఆమె మెట్లు దిగుతూ గోడ పట్టుకోకపోవడం అతను చూశాడు. అదెలా జరిగిందో అతనికి అర్థం కాలేదు. అర్థంకానిదాన్ని కొట్టిపారేసే మనిషి కాదు. భయం భయంగానే ఉంది, తెలుసుకోవాలన్న దురదా అంతే ఉంది.

ఇల్లు కట్టే గుత్తేదారు మే మొదటివారంలో కాంక్రీటు పోస్తానన్నాడు. ఆ మూల వదిలెయ్యాలో పోసెయ్యాలో ఈలోగా చెప్పాలి. పోశాక అడిగితే తనేమీ చెయ్యలేనని ముందే చెప్పాడు. చేతిలో ఉన్నవి మూడు వారాలు.

ఏటా డిసెంబరులో జేవన్ తరగతిలో నల్లబల్ల మీద ఒక వాయువు పేరు రాస్తాడు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. పిల్లలు ఆవలిస్తారు. వాళ్ళ నానమ్మలు విని ఉంటే ఆవలించేవాళ్ళు కాదు. ఒకప్పుడు చలికాలం పొద్దున్నే ఆ కొండల్లో ఏ ఇంటి తలుపు తెరుచుకోకపోయినా పక్కింటివాళ్ళు గుండె చేత్తో పట్టుకుని వెళ్ళి తట్టేవాళ్ళు.

విత్తనాల కొట్టావిడ ఒక పేరు చెప్పింది. మేంగ్ చిల్‌బోక్ అని, డెబ్బయ్యారేళ్ళ మేస్త్రి, పై లోయలో ఉంటాడు. పని బాగా చేస్తాడు గానీ ఒక తిక్క ఉందిట. నేల పూర్తయ్యాక ఎవరైనా వెంటనే నూనె కాగితం అతికించి మెరిసేలా చేసిస్తారు. ఈయన నెలల తరబడి బోడిగా వదిలేస్తాడు, చుట్టాలొస్తున్నారన్నా వినడు. బోడినేల మేస్త్రి అంటే ఎవరైనా దారి చూపిస్తారని చెప్పి, ఆవిడ రెండు ముల్లంగి విత్తనాల పొట్లాలు కూడా అంటగట్టింది.

ఆదివారం జేవన్ పాపని ఛాతీకి కట్టుకుని వెళ్ళాడు. సెబొమ్‌ని ఇంట్లో పడుకోమన్నాడు.

మేస్త్రి ఇంటి ముందు బండలు పేర్చి ఉన్నాయి. మనిషి సన్నగా, పొట్టిగా, మోకాళ్ళు బయటికి వంగి ఉన్నాడు. కళ్ళు చికిలించి వచ్చినవాడి ముఖం కాకుండా వాడి బూట్లు చూశాడు.

“బడి పంతులువి కదూ. బూటు ముందు సుద్ద ఉంది,” అన్నాడు. “రా మాస్టారూ. ఆరెన్‌మోక్‌లో కూర్చో.”

గదిలో పొయ్యికి దగ్గరగా ఉండే వెచ్చటి వైపుని వాళ్ళు అలా అంటారు. అక్కడ పెద్దవాళ్ళు కూర్చుంటారు, లేకపోతే అతిథి. తను కూర్చోకూడదని జేవన్ మొహమాటపడ్డాడు. పెద్దాయన బలవంతంగా కూర్చోబెట్టాడు. ఏప్రిల్ గాలి ఇంకా కోస్తూనే ఉంది గానీ నేల, అప్పుడే ఎవరో లేచి వెళ్ళిన చోటులా వెచ్చగా ఉంది. నారే కాళ్ళు తన్నుతూ కిందికి జారాలని చూసింది. జేవన్ కట్టు విప్పాడు గానీ పాపని దించలేదు. ఒళ్ళోనే బిగించి పట్టుకున్నాడు.

మేస్త్రి భార్య వచ్చి చూసింది. ఆమె సొంతూరు జెచన్, ఆ లోయలో అందరూ ఆమెని జెచన్ మామ్మ అనే పిలుస్తారు. భర్త కూడా జెచన్ అనే అంటాడు.

“దించు నాయనా, పిల్ల పాకుతానంటోంది,” అంది.

నిద్రొస్తోందేమో మామ్మగారూ అని జేవన్ అబద్ధమాడాడు. నారే నిద్రకి అరకోసు దూరంలో ఉంది, అతని చేతిని కొరుకుతోంది.

ఆ రోజు అతను పదిహేడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాడు. మొదటిది, పొగ పైకి పోకుండా అడ్డంగా పన్నెండడుగులు ఎందుకు పోతుంది? పెద్దాయన జవాబు చెప్పలేదు. బయటికి తీసుకెళ్ళి పొయ్యి నోటి ముందు చతికిలబడ్డాడు. ఒక కాగితపు ముక్క అంటించి నోటి దగ్గర పెట్టాడు. మంట నిలువుగా లేవకుండా, లోపల ఎవరో పీల్చినట్టు పడుకుని లోపలికి వంగింది. జేవన్ మోకాళ్ళ మీద కూలబడి చూశాడు. ఇంకోసారి చేసి చూపించమన్నాడు. మూడోసారి తనే కాగితం పట్టుకున్నాడు, పాపని ఇంకో చేత్తో వెనక్కి తిప్పి.

“ఇల్లు ఊపిరి లోపలికి తీస్తోంది,” అన్నాడు మేస్త్రి. “అవతల పొగగొట్టం ఉందే, అది ముక్కు. ఉక్కపోసే రోజు, వానొచ్చే ముందు, ఇదే మంట నీ ముఖం మీదికి వస్తుంది. ఆ రోజు ఇల్లు ఊపిరి వదులుతోందన్నమాట. ఆ రోజు పొయ్యి వెలిగించకు. చలేస్తే వేడినీళ్ళ గొట్టాలున్న గదిలో పడుకో.”

గొట్టంలో వేడిగాలి తేలికై పైకి లేస్తుంది, బయటి గాలి బరువు తగ్గితే ఆ లాగుడు చచ్చిపోతుంది. జేవన్‌కి ఇదంతా తెలుసు. తరగతిలో చెప్తాడు కూడా. కానీ ఒక ఇల్లు పీల్చడం ఎన్నడూ చూడలేదు. పొయ్యి వెనక చిన్న గట్టు, అది ఎక్కి మంట పల్చబడటం, చివర్న లోతైన గుంటలో మసీ చల్లగాలీ ఆగిపోవడం, ఆ పొడవునా బండలు నెమ్మదిగా వేడి తాగడం, అన్నీ పెద్దాయన పుల్లతో నేల మీద గీసి చూపించాడు. ఏటిరాయి ఎందుకు పెట్టకూడదని జేవన్ అడిగితే, దాని కడుపులో నీళ్ళుంటాయి, నిప్పు తగిలితే పేలుతుందన్నాడు. అది తన గురువు దగ్గర పదిహేడో ఏట, దవడ మీద మచ్చతో నేర్చుకున్నాట్ట. మచ్చ చూపించాడు.

పదిహేడు ప్రశ్నల్లో పదకొండు తీరాయి. ఇంటికొచ్చి జేవన్ అన్నం తింటూ అదే చెప్పాడు. మంట పడుకోవడం సెబొమ్‌కి కూడా చూపించాలని ఒక గొట్టం, అట్టపెట్టె, కొవ్వొత్తి తెచ్చి వంటగదిలో సిద్ధం చేశాడు. అట్టపెట్టె అంటుకుంది. సెబొమ్ దాన్ని సింకులో పడేసి నీళ్ళు తిప్పింది.

“మరి ఆ గది ఉంటుందా?” అంది.

“ఇంకా ఆరు ప్రశ్నలున్నాయి,” అన్నాడు.

ఆ ఆరూ నిజానికి ఒకటే. బీట వస్తే తెలిసేదెలా?

మరుసటి ఆదివారం వెళ్ళేటప్పటికి జెచన్ మామ్మ బక్‌వీట్ పిండితో అట్లు పోస్తోంది. పక్కన గిన్నెల్లో దోంగ్‌చిమి పెట్టింది. చలికాలం జాడీలో ఊరిన ముల్లంగి, దాని చల్లని పుల్లటి నీళ్ళు. అట్టు అంచు మాడింది. మేస్త్రి ముక్కు ఎగబీల్చి, “జెచన్, మాడింది,” అన్నాడు.

“నీ ముక్కు కాసేపు నాకియ్యి ముసలాయనా, నేనే చూసుకుంటా,” అంది ఆవిడ. వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళుగా ఆడుకుంటున్న ఆటలా ఉంది అది.

ఆ రోజూ జేవన్ పాపని ఒళ్ళో పెట్టుకునే తిన్నాడు. తింటూ నేలంతా చూశాడు. చూడటం అతని జబ్బు. కాగితం ఏళ్ళ తరబడి సోయాగింజల పిండీ నూనే తాగి తేనె రంగుకి తిరిగింది. గదంతా ఒకే నునుపు. కానీ ఆరెన్‌మోక్‌లో, గోడ వారన, జానెడు వెడల్పున ఒక పట్టీ మాత్రం బోడిగా ఉంది. కాగితం లేదు. మట్టి కనిపిస్తోంది. చిరిగింది కాదు, అంచు కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది.

అక్కడ కాగితం ఎందుకు లేదని అడిగాడు. పెద్దాయన అట్టు చుట్టి నోట్లో పెట్టుకుని, కాగితం సరిపోలేదన్నాడు.

“నలభయ్యారేళ్ళుగా సరిపోవటం లేదు నాయనా,” అంది మామ్మ పెనం మీదినుంచి తల తిప్పకుండా. “నాలుగిళ్ళు మారాం. నాలుగింట్లోనూ అక్కడే సరిపోలేదు.”

చెప్పమని ఆవిడ అనలేదు, అట్టు తిరగేసి ఇంకో అట్టు పోసింది. కాసేపటికి ఆయనే మొదలుపెట్టాడు.

అప్పుడాయనకి ముప్ఫై ఏళ్ళు. గురువు దగ్గర పని నేర్చుకుని గని ఊరికి వెళ్ళాడు. గనివాళ్ళ ఇళ్ళు వరసలు వరసలుగా ఉండేవి. కట్టెల పొయ్యిలన్నీ బొగ్గుబిళ్ళల పొయ్యిలుగా మారుస్తున్నారు. చేతినిండా పని. చేతివేగం గలవాడని పేరొచ్చింది, పొద్దున్న విప్పిన నేల సాయంత్రానికి కాగితంతో సహా అప్పగించేవాడు. ఆ చలికాలమే పెళ్ళయింది. జెచన్ నుంచి అత్తగారు, బావమరుదులు కాపురం చూడటానికి వస్తున్నామని కబురు పెట్టారు. తమ గదికి తనే వేసుకున్న నేల అప్పటికి సగమే ఆరింది. గోడ వారన వెంట్రుకంత గీత కనిపించింది. మేస్త్రి ఇంట్లో నేల బోడిగా ఉంటే అత్తవారు ఏమనుకుంటారు? గీత మీద పిండి పూసి, పైన మంచి కాగితం అతికించి, నూనె రుద్దాడు. అద్దంలా మెరిసింది. అత్తగారు చేత్తో నిమిరి మెచ్చుకుంది. అందరూ రెండు రోజులుండి బస్సెక్కారు.

“వాళ్ళున్నన్నాళ్ళూ గదిలో జనం. తలుపు తీస్తూ వేస్తూ ఉన్నారు,” అన్నాడు మేస్త్రి. “వాళ్ళు వెళ్ళిపోయాక తలుపు వేసుకుని పడుకున్నాం. ఇద్దరమే.”

తెల్లారి పక్కగదావిడ నీళ్ళకి పిలిస్తే పలకలేదు. ఆవిడ తలుపు తోసుకుని వచ్చింది. మేస్త్రి గడప దగ్గరిదాకా పాకి పడిపోయి ఉన్నాడు. జెచన్ ఆరెన్‌మోక్‌లో ఉంది, కొత్తకోడలని వెచ్చటి చోటు ఆమెకే ఇచ్చాడు. పక్కగదావిడ ఆ ఊళ్ళో అందరూ చేసే పనే చేసింది. దోంగ్‌చిమి నీళ్ళు తాగిస్తే గ్యాస్ విరిగిపోతుందని నమ్మకం. పరుగెత్తి వెళ్ళి జాడీ నుంచి గిన్నెడు తెచ్చి ఇద్దరి నోళ్ళలో పోసింది. మధ్యాహ్నానికి జెచన్ కళ్ళు తెరిచింది. బతికింది. కానీ ఆ రోజు తర్వాత ఆమెకి వాసన తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

జేవన్ చెయ్యి తెలియకుండానే పాప వీపు మీదికి వెళ్ళింది. ముల్లంగి నీళ్ళలో ఏముంటుందో అతనికి తెలుసు. ఉప్పు, పులుపు, కాస్త పంచదార. స్పృహలేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చెప్పకుండా ఉండలేకపోయాడు.

“పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. మిమ్మల్ని బతికించింది ఆ నీళ్ళు కాదు.”

“తెలుసు,” అన్నాడు మేస్త్రి. “జాడీ వెనక పెరట్లో పాతిపెట్టి ఉంది. దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు తలుపూ తియ్యాలి, వెనక తలుపూ తియ్యాలి. ఆవిడ రెండూ తీసి వదిలేసింది. బయట మంచు, ఈ మూల నుంచి ఆ మూలకి గాలి. పదేళ్ళు ఆలోచించాక తెలిసింది నాకు.”

“అయినా ఏటా జాడీ పెడతాడు,” అంది మామ్మ. “వాసన తెలియని నా చేత పులియబెట్టించి, తనే తాగుతాడు.”

“జాడీ వెనక పెరట్లోనే పెడతాను,” అన్నాడు మేస్త్రి. “ఇంటి పక్కన పెట్టను.”

ముగ్గురూ నవ్వారు. నవ్వింది ఎందుకో తెలియకపోయినా నారే కూడా చప్పట్లు కొట్టింది.

మిగతాదంతా మేస్త్రి పొడి మాటల్లో చెప్పాడు. లేచి తిరగగలిగిన రోజునుంచి, ఆ చలికాలం తను చేసిన ప్రతి ఇంటికీ వెళ్ళి గోడ వారన కాగితం కోసి చూస్తానన్నాడు. కొందరు రానిచ్చారు. కొందరు చీపురు తిరగేశారు. ఒకాయన కొత్త కాగితం పాడు చేశాడని మెడపట్టి మంచులోకి గెంటాడు, మర్నాడు మళ్ళీ వెళితే ఈసారి లోపలికి రమ్మన్నాడు. ఇరవై మూడిళ్ళలో రెండింటికి గీత ఉంది. రెండూ అదే చోట, వెచ్చటి వైపు, నేలా గోడా కలిసే దగ్గర. తర్వాత గనులు మూతపడ్డాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి, బాయిలర్లు వచ్చాయి. పదిహేనేళ్ళు ఆయన ఆస్పత్రి వంటశాలలో పెద్ద గంగాళాలు తోమాడు. మళ్ళీ ఊళ్ళనుంచి జనం మట్టి గదులు కావాలని వెతుక్కుంటూ వచ్చినప్పుడు, ఆ పని తెలిసినవాడు ఈయనొక్కడే మిగిలి ఉన్నాడు. ఒప్పుకునే ముందు ఒక్కటే షరతు పెట్టేవాడు. మూడుసార్లు నిప్పు పెట్టి, మూడుసార్లు చూడనిదే కాగితం పరచను. పరిచినా ఆ జానెడు పరచను.

గీత అక్కడే ఎందుకొస్తుందో జేవన్‌కి తోచింది. బండలు వేడెక్కి సాగుతాయి, గోడ సాగదు, రెండూ కలిసిన చోట తెగుతుంది. వేళ్ళతో చూపిస్తూ చెప్పాడు. మేస్త్రి శ్రద్ధగా విన్నాడు.

“అంటే గోడా నేలా మొగుడూ పెళ్ళాల్లా అన్నమాట,” అంది మామ్మ. “వేడి ఒకళ్ళకే.”

ఆ సాయంత్రం జేవన్ ఇంటికొచ్చి, బోడి పట్టీ గురించి సెబొమ్‌కి చెప్పాడు. జెచన్ మామ్మ ముక్కు గురించి చెప్పాడు. వద్దులే, గొట్టాలే వేయించేద్దాం, నడుముకి వేడినీళ్ళ సంచీ పెట్టుకుంటానంది సెబొమ్. అతను ఆశ్చర్యపోయాడు. తను ఇన్ని వారాలు అడిగింది అదే కదా. తీరా చేతికొస్తే తీసుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు వాళ్ళు అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ బాల్కనీలో బాయిలర్ ఉంది. దాని గొట్టం అతుకు ఊడిందేమోనని అతను ప్రతి శనివారం స్టూలెక్కి చూస్తాడు. ఎవరూ నేర్పలేదు, భయమే నేర్పింది. ఆ లోయలో ఒక ముసలాయన అదే భయంతో నలభయ్యారేళ్ళుగా నేల అంచులు చూస్తున్నాడు. ఇల్లు నిశ్చింతగా ఉంటుందని ఆయన ఒక్కసారీ అనలేదు. ఎక్కడ తెగుతుందో మాత్రం చెప్పాడు.

“ఆ మూల వదిలెయ్యమని రేపు చెప్తాను,” అన్నాడు జేవన్.

సెబొమ్ అతని నుదురు ముట్టుకుని చూసింది. జ్వరమేమీ లేదు.

జూన్‌లో మేస్త్రి వచ్చాడు. బండలు ఎత్తింది ఇంకో ఇద్దరు పనివాళ్ళే గానీ, ప్రతి బండనీ ముందు ఆయన సుత్తితో తట్టి చెవి పెట్టి విన్నాడు. బోలుగా పలికినవి పక్కన పెట్టించాడు. మట్టి మూడు పూతలు పడింది. జులై వానల్లో నేల చెమర్చింది, కొద్దికొద్దిగా నిప్పు పెట్టి ఆరబెట్టారు. జేవన్ నాలుగు మూలలా థర్మామీటర్లు పెట్టి గంటగంటకీ రాసుకున్నాడు. మేస్త్రి అరిచేత్తో తడిమి, ఈ మూల నిన్నటికంటే రెండు డిగ్రీలు వెచ్చగా ఉందనేవాడు. రెండింటికీ తేడా ఎప్పుడూ ఒక డిగ్రీ దాటలేదు. జేవన్‌కి అది ఎంత సరదా వేసిందంటే, బడి పిల్లలిద్దరు ముగ్గురిని తీసుకొచ్చి పందెం కట్టించాలనుకున్నాడు. సెబొమ్ వద్దంది.

ఆగస్టు చివర్లో మూడో నిప్పు. మేస్త్రి పొయ్యిలో పచ్చి పైన్ కొమ్మలు కుక్కాడు. పొగ కోసమే అది. కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనపడదు, కానీ అది దూరే సందులోనే పొగా దూరుతుంది. పొగగొట్టం మీద తడిగోనె కప్పించి పొగని లోపలే ఆపాడు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నారేని ఎత్తుకుని సెబొమ్ వాకిట్లోనే నిలబడింది. పాపకి ఏడాది నిండింది, కిందికి దిగుతానని గోల.

జేవన్ కొత్తగా కొన్న అలారం తెచ్చాడు. గ్యాస్ చేరితే కూతపెట్టే పెట్టె. తన కళ్ళ ఎత్తున గోడకి మేకు కొట్టబోతున్నాడు.

“నీ కూతురు ఆ ఎత్తున ఊపిరి పీలుస్తుందా మాస్టారూ?” అన్నాడు మేస్త్రి.

జేవన్ మేకు నోట్లోంచి తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, పక్క పరిచే చోటు పక్కన, దిండు ఎత్తున కొట్టాడు.

తర్వాత మేస్త్రి నేల మీద బోర్లా పడుకున్నాడు. ఆరెన్‌మోక్ నుంచి అవతలి చల్లని కొసదాకా గోడ వెంట పాకాడు. తిరిగి వచ్చాడు. కూర్చుని కళ్ళు రుద్దుకున్నాడు.

“నాకు కనపడటం లేదు,” అన్నాడు నెమ్మదిగా. “పొగ లేకనా, కళ్ళు లేకనా తెలియదు. పోయినేడాదినుంచీ పొర కమ్మింది. బుగ్గ ఆనించి చూస్తున్నాను, బుగ్గకి వెంట్రుకంత పొగ తెలియదు. నువ్వు చూడు.”

ఈ నేల మీద నమ్మకమంతా జేవన్ ఆ కళ్ళ మీద పెట్టుకున్నాడు. అడగటానికి ఏమీ మిగల్లేదు. చొక్కా పైకి మడుచుకుని బోర్లా పడుకున్నాడు. బుగ్గకి మట్టి వెచ్చగా తగిలింది. ఆ ఎత్తునుంచి గది వేరే ఊరులా ఉంది. తలుపు ఎంతో పెద్దది, గడప ఒక గోడ, వెలుతురు నేలని రాసుకుంటూ వస్తోంది. నారే రోజంతా చూసే లోకం ఇదే కాబోలు అనుకున్నాడు. గోడ వారనే పాకాడు. అర గజం. ఇంకో అర గజం. కుడిచేతి పక్కన, వెలుతురుకి అడ్డంగా, దారప్పోగంత బూడిదరంగు గీత లేచి వంగి మాయమైంది. మళ్ళీ లేచింది.

“ఉంది,” అన్నాడు. “పెద్దాయనా, ఇక్కడ ఉంది.”

తను భయపడుతున్నది అదే. అయిదు నెలలుగా అదే. మేస్త్రి ముఖం మాత్రం విచ్చుకుంది. పాకుతూ వచ్చి, జేవన్ వేలు పట్టుకుని ఆ చోటు మీద తన వేలు పెట్టుకున్నాడు.

“హమ్మయ్య. దొరికింది. ఏమీ లేదంటే నాకు వారం దాకా నిద్రపట్టదు. ఉన్నది దొరకలేదేమోనని.”

మట్టి తడిపి, గీతని గోటితో వెడల్పు చేసి, లోపలిదాకా కూరి పూశాడు. రెండు రోజులాగి మళ్ళీ పొగ పెట్టారు. జేవన్ రెండుసార్లు పాకాడు, తర్వాత సెబొమ్ పాకింది, నడుం నొప్పి ఉందని మర్చిపోయి. ఎక్కడా పొగ లేవలేదు. గోనె తీసేసి, గదిని గాలికి వదిలి, పొగగొట్టం నుంచి పొగ తిన్నగా పైకి పోవడం అందరూ చూశాక, గోడ వారన జానెడు వదిలి కాగితం పరిచారు.

అప్పుడు జేవన్ నారేని దించాడు. ఆమె ఒక క్షణం అరచేతులు నేలకి ఆనించి, ఆ వెచ్చదనం ఎక్కడినుంచి వస్తోందా అన్నట్టు కిందికి చూసింది. వెంటనే బోడి పట్టీ దగ్గరికి పాకి, అక్కడి మట్టి గోకి నోట్లో పెట్టుకుంది.

మేస్త్రి సుత్తి, తాపీ గుడ్డలో చుట్టుకున్నాడు. ఇదే చివరి నేల అన్నాడు. వెళ్ళబోతూ గడప మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ జేవన్‌కి ఒక మాట చెప్పాడు.

అది జరిగి అయిదేళ్ళు. జెచన్ మామ్మ ఇప్పుడూ అట్లు మాడుస్తుంది, మేస్త్రి ఇప్పుడూ చెప్తాడు, కళ్ళు పూర్తిగా పోయినా ముక్కు ఉందిగా అంటాడు. జేవన్ ఇంట్లో వెనక పెరట్లో ముల్లంగి జాడీ ఒకటి ఉంది, దాని దగ్గరికి వెళ్ళాలంటే రెండు తలుపులు తియ్యాలి. సెప్టెంబరు చివర్లో, కొండ మీద మొదటి మంచు పడకముందు, అతను పచ్చి పైన్ కొమ్మలు కొట్టుకొస్తాడు. అలారం బ్యాటరీ మారుస్తాడు. తలుపులన్నీ తీస్తాడు. నారేని వాళ్ళమ్మతో వాకిట్లో నిలబడమంటాడు. ఆమెకి ఆరేళ్ళు నిండాయి, తనూ పాకుతానని పేచీ పెడుతుంది. పొగంతా బయటికి పోయి, ఏమీ లేదని రూఢి అయ్యాక ఆమె వంతు వస్తుంది. అప్పుడు తండ్రి వెనకే పొట్ట మీద పాకుతూ, కళ్ళు చికిలించి, “ఇక్కడ లేదు మాస్టారూ, ఇక్కడా లేదు,” అంటుంది ముసలాయన గొంతుతో.

ఆ రోజు గడప మీద మేస్త్రి చెప్పింది ఇదే:

“పెట్టెని నమ్ముకో, నన్ను నమ్ముకో, నీ చదువునీ నమ్ముకో. కానీ ఏటా మొదటి నిప్పుకి ముందు పొగ పెట్టి, పిల్ల పడుకునే చోట, పిల్ల పడుకున్నట్టే పడుకుని చూడు. నిలబడి చూడకు.”